టార్షన్ బార్ పికప్ వాహనాల ఎత్తు పెంపు: కోనసీమ రహదారుల నేపథ్యంలో ఒక సాంకేతిక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ముందు చక్రాలకు టార్షన్ బార్ ఉన్న పికప్ వాహనాన్ని ఎత్తు చేయడానికి కొత్త స్ప్రింగు అవసరం లేదు. చాసిస్ కింద ఉన్న ఒక బోల్టును కొన్ని చుట్లు బిగిస్తే చాలు. పని ఇంత సులువు కావడం వల్లనే దాని చుట్టూ ఒక అపోహ అల్లుకుంది. బోల్టు బిగిస్తే కడ్డీ గట్టిపడుతుందనీ, బండి ఎక్కువ బరువు మోస్తుందనీ, వరదనీటిలో నిలబడుతుందనీ చాలామంది నమ్ముతారు. ఈ మూడింటిలో మొదటి రెండూ నిజం కావు. మూడవది ప్రాణాపాయానికి దారితీసేంత అర్ధసత్యం. కడ్డీ పనితీరును సులభమైన లెక్కల ద్వారా వివరిస్తూ, కోనసీమ కాజ్‌వేలు, ఏటిగట్లు, కొబ్బరి రవాణా దృష్ట్యా ఎత్తు పెంపు పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: టార్షన్ బార్, పికప్ వాహనం, ఎత్తు పెంపు, కోనసీమ, కాజ్‌వే, మెలి, కమాను కట్ట.

1. ప్రవేశిక

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న కోనసీమలో నేల దాదాపు చదును. వైనతేయ పాయ ఆ భూభాగాన్ని మళ్లీ రెండుగా చీలుస్తుంది. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ జాతీయ రహదారి అమలాపురం, రాజోలు ప్రాంతాల మీదుగా సాగుతుంది. ఆ రహదారి దిగి లోపలికి వెళితే దారులు వేరు. కాలువ గట్ల మీద సన్నని తారు రోడ్లు, కొబ్బరితోటల మధ్య మట్టి బాటలు, లంక గ్రామాలకు చేర్చే కాజ్‌వేలు కనిపిస్తాయి. తోటలో దింపు తీసిన కాయ అంబాజీపేట మార్కెట్టుకు చేరాలన్నా, చెరువులో పట్టిన రొయ్య ఐసు పెట్టెల్లో బయటికి వెళ్లాలన్నా ఈ దారుల మీద తిరగగలిగిన చిన్న సరుకు బండి కావాలి. ఒకప్పుడు ఎడ్లబండి, పడవ చేసిన పనిని ఇప్పుడు పికప్ చేస్తోంది.

ఈ పరిస్థితిలో బండిని కొంచెం ఎత్తు చేసుకోవాలన్న కోరిక సహజం. మట్టిబాట మధ్యలో లేచిన గట్టు చాసిస్‌కు తగలకూడదని ఒకరు, వర్షాకాలంలో కాజ్‌వే మీది నీటిని దాటాలని మరొకరు ఆ ఆలోచన చేస్తారు. చూపు కోసం చేసేవారూ లేకపోలేదు. వారి సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ ప్రాంతంలో తిరిగే సరుకు బండ్లన్నింటికీ టార్షన్ బార్ ఉండదు. టాటా ఏస్‌కు ముందూ వెనుకా కమాను కట్టలే. శ్రీసిటీ కర్మాగారంలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్‌కు ముందు చుట్టు స్ప్రింగులు ఉంటాయి. అదే డీ-మ్యాక్స్ తొలితరంలో, విదేశాల్లో అమ్ముడైన కొన్ని రకాలకు మాత్రం టార్షన్ బార్లు ఉండేవి. మన రోడ్ల మీద ఈ అమరికను పరిచయం చేసినవి ప్రధానంగా టాటా సఫారీ తొలి నమూనాలు, టొయోటా క్వాలిస్, షెవర్లే తవేరా, మహీంద్రా స్కార్పియో తొలి రకాలు. స్కార్పియో నుంచి పుట్టిన గెటవే పికప్ కూడా ఈ కోవలోదే. కాబట్టి ఎత్తు గురించి ఆలోచించే ముందు బండి కిందికి వంగి చూడడం అవసరం. ముందు చక్రం భుజం దగ్గర మొదలై, చాసిస్‌కు సమాంతరంగా వెనుకకు సాగి, గేర్‌బాక్సు సమీపంలోని అడ్డదూలం దగ్గర ముగిసే నునుపైన ఉక్కు కడ్డీ కనిపిస్తే అదే టార్షన్ బార్.

2. పురి, మెలి

టార్షన్ బార్ అంటే నిటారుగా సాగదీసిన స్ప్రింగు అనుకోవచ్చు. చుట్టు స్ప్రింగును నొక్కినప్పుడు కూడా దాని తీగలో జరిగేది ప్రధానంగా మెలితిప్పడమే. ఆ తీగను విప్పి కడ్డీగా వాడితే టార్షన్ బార్ అవుతుంది. కడ్డీ ఒక కొన చక్రాన్ని మోసే భుజానికి, రెండవ కొన యాంకర్ ఆర్మ్ అనే చిన్న మీటకు పళ్లతో బిగుస్తాయి. ఆ మీటను పైకి నెట్టి ఉంచేదే సర్దుబాటు బోల్టు. చక్రం గతుకెక్కి పైకి లేస్తే భుజం తిరుగుతుంది, కడ్డీ మెలిపడుతుంది, మెలి విప్పుకోవాలన్న ప్రయత్నంలో చక్రాన్ని కిందికి నెడుతుంది. 1784లో కూలుంబ్ లోహపు తీగల మెలిని కొలిచి, మెలిపెట్టడానికి కావలసిన బలం తీగ వ్యాసపు నాలుగవ ఘాతానికి అనులోమంగానూ, పొడవుకు విలోమంగానూ ఉంటుందని చూపాడు. వాహనాలకు ఈ సూత్రాన్ని అన్వయించి ఫెర్డినాండ్ పోర్షే 1931లో పేటెంటు పొందాడు. నేటికీ భారీ యుద్ధ వాహనాలలో ఇదే అమరిక కనిపిస్తుంది. తెలంగాణలోని ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే ‘శరత్’ పదాతిదళ వాహనం నిలబడేది టార్షన్ బార్ల మీదే.

ఇక అపోహ విషయం. కోనసీమలో మెలి అనగానే గుర్తుకు వచ్చేది కొబ్బరి పీచు తాడు. పీచుకు పురి ఎక్కించే కొద్దీ తాడు బిగుస్తుంది, చేతికి గట్టిగా తగులుతుంది. విడిపీచుకు లేని బలం పురితో వస్తుంది. బోల్టు బిగిస్తే కడ్డీకి కూడా పురి ఎక్కుతుందనీ, ఆ మేరకు గట్టిపడుతుందనీ అనుకోవడం వెనుక ఈ తాడు ఉపమానం ఉందని నా అభిప్రాయం. కాని తాడు బలం పోగుల మధ్య రాపిడి వల్ల కలుగుతుంది. పురి పెరిగితే రాపిడి పెరుగుతుంది. ఉక్కు కడ్డీలో పోగులు లేవు. దాని గట్టిదనాన్ని నిర్ణయించేవి ఉక్కు స్వభావం, వ్యాసం, పొడవు మాత్రమే. బోల్టు ఈ మూడింటిలో దేనినీ మార్చదు.

3. బోల్టు తిప్పినప్పుడు జరిగేది

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఏదో ఒక నమూనాకు చెందినవి కావు, లెక్క కోసం ఎంచుకున్నవి. కడ్డీ వ్యాసం 25 మి.మీ., పొడవు 1.2 మీటర్లు, చక్రాన్ని మోసే భుజం 0.3 మీటర్లు, ఒక్కో ముందు చక్రం మీద పడే బరువు 5,000 న్యూటన్లు, అంటే సుమారు 510 కిలోలు. భుజం కొన మీద 5,000 న్యూటన్లు పడితే కడ్డీకి 1,500 న్యూటన్ మీటర్ల మెలిబలం తగులుతుంది. ఈ కొలతలున్న ఉక్కు కడ్డీ ఆ బలానికి సుమారు 34 డిగ్రీలు మెలిపడుతుంది. చక్రం దగ్గర దీని గట్టిదనం మిల్లీమీటరుకు 28 న్యూటన్లు.

ఇప్పుడు బోల్టు బిగించి బండి ముందు భాగాన్ని 40 మి.మీ. లేపామనుకుందాం. భుజం సుమారు 7.6 డిగ్రీలు కిందికి వాలింది. యాంకర్ మీట కూడా అంతే తిరిగింది. బోల్టు దగ్గర మీట పొడవు 60 మి.మీ., బోల్టు మర 1.5 మి.మీ. అయితే ఇది ఐదు చుట్ల పైచిలుకు పని. మరి కడ్డీలో మెలి ఎంత? బండి బరువు మారలేదు. మెలిబలం మారలేదు. కాబట్టి మెలి కూడా ఇంచుమించు అదే 34 డిగ్రీలు. కడ్డీ రెండు కొనలూ ఒకే దిశలో, ఒకే కోణంలో తిరిగాయి, అంతే. భుజం వాలడం వల్ల దాని అడ్డపు పొడవు కొద్దిగా తగ్గి చక్రం దగ్గరి గట్టిదనంలో స్వల్ప మార్పు రావచ్చు. అది వేరే సంగతి, చిన్న సంగతి.

అలాగైతే బోల్టు బిగించిన బండి ఎక్కినవారందరూ ‘గట్టిగా ఉంది’ అని ఎందుకంటారు? వారి అనుభవం అబద్ధం కాదు. కారణాన్ని పొరబడుతున్నారు. చక్రానికి పైకీ కిందికీ కదలడానికి మొత్తం 160 మి.మీ. స్థలం ఉందనీ, బండి మామూలు ఎత్తులో నిలిచినప్పుడు పైకి 80, కిందికి 80 చొప్పున పంచుకుందనీ అనుకుందాం. 40 మి.మీ. లేపాక పైకి 120 మిగులుతుంది, కిందికి 40 మాత్రమే. గోతిలో చక్రం దిగాలంటే చోటు సగమే. 40 మి.మీ. కన్నా లోతైన గోతిలో చక్రం నేలను వెంబడించలేక, భుజం రబ్బరు స్టాపరుకు కొట్టుకుంటుంది. షాక్ అబ్జార్బర్ ఎప్పుడూ దాదాపు చివరి వరకు సాగి ఉంటుంది. చేతికీ నడుముకూ తెలిసే ఆ దెబ్బనే ‘స్ప్రింగు గట్టిపడింది’ అని అనువదించుకుంటున్నాం. మన గట్టు రోడ్ల గతుకుల స్వభావం చూస్తే పైకి లేవడం ఎంత ముఖ్యమో కిందికి దిగడం అంతే ముఖ్యం. అరిగిన తారు అంచు దిగి ఎదుటి బండికి దారి ఇచ్చిన ప్రతిసారీ ఒక చక్రం కిందికి దిగాల్సిందే.

నష్టం రెండో వైపు కూడా ఉంది. పైకి లేచే స్థలం 80 నుంచి 120 మి.మీ.కు పెరిగింది కదా. చక్రం చివరి వరకు లేచినప్పుడు కడ్డీ మెలి మునుపు 49 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 57 డిగ్రీలు అవుతుంది. కడ్డీ ఉపరితలం మీది గరిష్ఠ ఒత్తిడి సుమారు 15 శాతం పెరుగుతుంది. కొత్త కడ్డీ దీనిని భరించవచ్చు. పాత కడ్డీ మాటేమిటి? మెలి ఒత్తిడి అంతా కడ్డీ పైపొర మీదే ఎక్కువగా కేంద్రీకృతమవుతుంది. అక్కడ చిన్న గీత, తుప్పు గుంట ఉన్నా పగులు మొదలవుతుంది. సముద్రపు గాలి, రొయ్యల పెట్టెల నుంచి కారే ఉప్పునీరు రోజూ తగిలే బండిలో ఆ గుంటలు లేకపోవడమే ఆశ్చర్యం. కోనసీమలో ఈ 15 శాతాన్ని వేరే ప్రాంతాల కన్నా తీవ్రంగా పరిగణించాలని నా వాదన.

నిజంగా గట్టిదనం కావాలంటే మార్గం ఒకటే, లావు కడ్డీ. 25 మి.మీ. బదులు 27 మి.మీ. కడ్డీ వేస్తే నాలుగవ ఘాత సూత్రం ప్రకారం గట్టిదనం 36 శాతం పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడాకు ఇంత ఫలితం రావడం చూస్తే కూలుంబ్ సూత్రం ఎంత ఆచరణాత్మకమైనదో అర్థమవుతుంది.

4. అమరిక పద్ధతి

పని వరుసను సంక్షిప్తంగా చెప్పుకోవచ్చు. చదునైన నేల మీద, ఖాళీ బండిని, టైర్లలో సరైన గాలితో నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలత తీసి రాసుకోవాలి. తరువాత చాసిస్‌ను జాకీతో లేపి, బలమైన స్టాండ్ల మీద ఆనించి, ముందు చక్రాలను గాలిలో వేలాడనివ్వాలి. అప్పుడు కడ్డీలోని మెలి చాలా వరకు విడిపోతుంది. బోల్టు మీద భారం తగ్గుతుంది. బండి నేల మీద ఉండగానే స్పానరుతో బిగించడం చాలాచోట్ల కనిపించే అలవాటు. మర చెడిపోయేది, బోల్టు తెగేది అప్పుడే. రెండు వైపులా తిప్పిన చుట్లను లెక్కపెట్టాలి. కిందికి దించాక బండిని కొన్ని గజాలు ముందుకూ వెనుకకూ నడిపితే గాని టైర్లు, రబ్బరు బుష్‌లు సర్దుకుని అసలు ఎత్తు తెలియదు. మళ్లీ కొలవాలి.

బోల్టు చుట్లు చాలనప్పుడు యాంకర్ మీటను పళ్ల మీద ఒక పన్ను జరిపి బిగించడమో, వేరే కోణంలో పళ్లు కోసిన మీటలు కొనడమో చేస్తారు. పేరు వేరైనా ఫలితం పై లెక్కలో చెప్పినదే. మీటను విప్పవలసి వస్తే తగిన పుల్లర్ పనిముట్టు తప్పనిసరి. మెలిలో ఉన్న కడ్డీ ఒక్కసారిగా వదిలితే మీట తిరిగే వేగానికి చేయి నిలవదు. ఇంకొక సూక్ష్మం ఉంది. తయారీలోనే కడ్డీని ఒక దిశలో మెలిపెట్టి ‘అలవాటు’ చేస్తారు. అందుకే కొన మీద కుడి, ఎడమ గుర్తులు ఉంటాయి. రెండింటినీ తారుమారు చేస్తే కడ్డీ త్వరలో వాలిపోతుంది లేదా విరుగుతుంది.

ఎత్తు మారాక చక్రాల అలైన్‌మెంట్ చూపకపోతే పని సగమే పూర్తయినట్టు. భుజాలు కిందికి వాలితే చక్రాల నిలువు వాలు, ముందు వైపు ముఖం రెండూ మారుతాయి. టైరు ఒక అంచున అరుగుతుంది, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. బాల్ జాయింట్లు, నాలుగు చక్రాలూ తిరిగే బండి అయితే ముందు ఇరుసు జాయింట్లు తమకు నిర్దేశించిన కోణం దాటి పనిచేయవలసి వస్తుంది. రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు కారడం వాటి మొదటి ఫిర్యాదు. హెడ్‌లైటు వెలుగు కూడా పైకి లేస్తుంది. ఇరుకు గట్టు మీద ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మనిషి కళ్లలోకి అది సూటిగా పడుతుంది.

5. బరువు ఎక్కడ పడుతుంది

కొబ్బరికాయల లోడు ఎక్కువ వేయడానికి ముందు బోల్టు బిగించడం మరింత తర్కరహితం. చక్రాల మధ్య దూరం 3 మీటర్లు, సరుకు తొట్టి మధ్యభాగం వెనుక ఇరుసుకు 20 సెం.మీ. ముందు ఉన్న బండిలో వెయ్యి కిలోలు వేస్తే ముందు చక్రాలకు వచ్చేది 67 కిలోలు. చక్రానికి 33 చొప్పున. పై ఉదాహరణలోని కడ్డీ ఆ భారానికి 12 మి.మీ. మాత్రమే దిగుతుంది. మిగిలిన 933 కిలోలూ వెనుక కమాను కట్టల మీదివే. లోడుబండి వెనుక కూలబడి ముందు లేస్తుంది. అలాంటి బండి ముందును ఇంకా లేపడం వల్ల మేలు జరగదు.

అందుకని కొందరు వెనుక కూడా కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టి లేపుతారు. ఇక్కడ చాలామంది గమనించనిది బ్రేకు. అనేక సరుకు బండ్లలో వెనుక ఇరుసును చాసిస్‌తో కలుపుతూ ఒక సన్నని కడ్డీ ఉంటుంది. అది బ్రేకు వాల్వుకు తొట్టిలో ఎంత బరువు ఉందో తెలిపే సాధనం. ఇరుసుకూ చాసిస్‌కూ దూరం ఎక్కువగా ఉంటే బండి ఖాళీ అని వాల్వు భావిస్తుంది. ఖాళీ బండిలో వెనుక చక్రాలు జారకుండా వాటి బ్రేకు బలాన్ని తగ్గిస్తుంది. దిమ్మె పెట్టి దూరం పెంచి ఆ కడ్డీని సర్దకపోతే, టన్ను కాయలతో వెళ్తున్న బండిని కూడా వాల్వు ఖాళీ బండిగానే చూస్తుంది. వెనుక బ్రేకులు సగం పనే చేస్తాయి. ఎత్తు పెంపులో కంటికి కనిపించని ప్రమాదాలలో దీన్ని మొదటిదిగా చెప్పాలి.

6. నీరు, గట్టు

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీచేస్తారు. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులకు మించిపోయింది. 1986 ఆగస్టు వరద అంతకన్నా పెద్దది. ఈ గరిష్ఠాల మాట అటుంచితే, మొదటి హెచ్చరిక సమయానికే లోతట్టు కాజ్‌వేల మీదికి నీరు చేరడం లంక గ్రామాలవారికి ఏటా అనుభవమే. పడవలు వేసేలోపు ఉన్న ఆ కొద్ది గంటల్లోనే ‘మన బండి ఎత్తుగా ఉంది కదా’ అన్న మాట వినిపిస్తుంది.

నీటిలో బండి నిలకడను నిర్ణయించేది లోతు ఒక్కటే కాదు, లోతూ వేగమూ కలిసి. ఆస్ట్రేలియా వరద మార్గదర్శకాలలో లోతును మీటర్లలోనూ, వేగాన్ని సెకనుకు మీటర్లలోనూ తీసుకుని వాటి గుణకారానికి హద్దులు ప్రతిపాదించారు. చిన్న కార్లకు 0.3, పెద్ద కార్లకు 0.45, పెద్ద ఫోర్‌వీల్ వాహనాలకు 0.6. నిశ్చల జలంలో కూడా పెద్ద ఫోర్‌వీల్ వాహనానికి హద్దు అర మీటరే. మోకాలి లోతు కాజ్‌వే మీద అర మీటరు నీరు సెకనుకు 1.5 మీటర్ల వేగంతో, అంటే మనిషి వేగంగా నడిచే పాటి వేగంతో పారుతోందనుకుంటే గుణకారం 0.75. ఫోర్‌వీల్ వాహనపు హద్దును కూడా అది దాటేసింది.

ఇందులో 40 మి.మీ. ఎత్తు ఎంత సాయం చేస్తుంది? క్యాబిన్ అడుగు వైశాల్యం 3 చదరపు మీటర్లు అనుకుంటే, నీరు లోపలికి చేరే లోపు ప్రతి 10 సెం.మీ. మునకకూ సుమారు 300 కిలోల పైకి నెట్టే బలం పుడుతుంది. ఎత్తు పెంపు ఈ నెట్టుడును 4 సెం.మీ. మేర వాయిదా వేస్తుంది. అంటే దాదాపు 120 కిలోల ఊరట. టైర్ల మీద ప్రవాహం చేసే అడ్డపు ఒత్తిడిని మాత్రం తగ్గించదు. రాత్రి వేళ గోధుమరంగు నీటి కింద కాజ్‌వే అంచు ఎక్కడుందో, మధ్యలో ఎంత కొట్టుకుపోయిందో చెప్పదు. పైగా ఇంజను గాలి పీల్చే గొట్టం, డిఫరెన్షియల్ గాలి రంధ్రం వాటి పాత చోట్లలోనే ఉన్నాయి. అవి మహా అయితే అదే 40 మి.మీ. లేచి ఉంటాయి, ఇరుసు మీదున్న రంధ్రమైతే అసలు లేవదు.

నీరు లేని రోజుల్లో గట్టు మీది ప్రమాదం వేరు. చక్రాల మధ్య అడ్డదూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి బండి పక్కకు బోల్తాపడే స్వభావానికి స్థూలమైన సూచిక. అడ్డదూరం 1.45 మీటర్లు, గరిమనాభి 0.75 మీటర్ల ఎత్తున ఉంటే నిష్పత్తి 0.97. బండినంతా 5 సెం.మీ. లేపితే 0.91. తొట్టి నిండా కాయ రాశి పోస్తే గరిమనాభి ఇంకా పైకి పోతుంది. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు తోట ఉన్న చోట ఈ ఆరు శాతం తరుగును తేలికగా తీసుకోలేము.

7. చట్టపరమైన స్థితి, బోల్టు అసలు ప్రయోజనం

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను నొక్కిచెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షను, అనుమతిలేని భాగాలు బిగించి మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. ఇనుప దిమ్మెలు, విడిగా కొన్న మీటలు, బ్రాకెట్లు బిగించి బండిని లేపేవారు ఈ నిబంధనను ముందుగా చదువుకోవాలి.

అయితే సర్దుబాటు బోల్టును తయారీదారే ఎందుకు పెట్టినట్టు? కడ్డీ ఏళ్లు గడిచే కొద్దీ కొద్దికొద్దిగా వాలుతుంది. డ్రైవరు కూర్చునే వైపు సాధారణంగా ముందు వాలుతుంది. వర్క్‌షాప్ మాన్యువల్‌లో నిర్దేశించిన ఎత్తుకు రెండు వైపులనూ తిరిగి తేవడానికే ఆ బోల్టు ఉంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన పికప్ ముందు భాగం కుంగి చాసిస్ నేలకు తగులుతోందంటే, దానికి కావలసినది చాలాసార్లు కొత్త ఎత్తు కాదు, పోయిన పాత ఎత్తే. కుడి ఎడమల కొలతలు తీసి, మాన్యువల్ అంకెతో పోల్చి, తేడా ఉన్నంత మేరకే బోల్టు తిప్పాలి. ఆ పని చేసేటప్పుడే కడ్డీని గుడ్డతో తుడిచి, తుప్పు గుంటల కోసం పొడవునా వేళ్లతో తడిమి చూడాలి. గుంట తగిలితే బోల్టు ముట్టకుండా కడ్డీనే మార్చాలి.